సన్నని మనిషి, పదకొండు సిక్సర్లు

భద్రాచలం కరకట్ట మీద పొద్దున్నే నిలబడి గోదావరి వైపు చూసిన వాళ్ళందరికీ విసురువల సంగతి తెలిసే ఉంటుంది. బెస్తవాడు మోకాటిలోతు నీళ్ళలో నిలబడతాడు. వల కొంత మోచేతి మీద, కొంత చేతిలో ఉంటుంది. ముందు నదికి పక్కగా, దాదాపు వెనక్కి తిరుగుతాడు. ఒక్క క్షణం ఆగినట్టే కనిపిస్తాడు. ఆ తర్వాత మొదట కదిలేది చెయ్యి కాదు. మడమ కదులుతుంది, నడుము నది వైపు తిరుగుతుంది, దాని వెనక రొమ్ము, దాని వెనక భుజం, అన్నిటికన్నా ఆఖరున చెయ్యి. వల గాలిలో గొడుగులా విచ్చుకుని గుండ్రంగా నీళ్ళ మీద పడుతుంది. కొత్తగా నేర్చుకునే పిల్లవాడు అదే వలను ఒట్టి చేతులతో విసురుతాడు. వల ముద్దగా పడుతుంది, చేపలు హాయిగా వెళ్ళిపోతాయి.

అడవి అంచున కట్టెలు కొట్టే కోయ యువకుడి గొడ్డలి వేటులోనూ ఇదే వరస. చాకిరేవులో తడిబట్టను బండకేసి బాదే దెబ్బలోనూ ఇదే వరస. వీళ్ళలో కండలు తిరిగిన వస్తాదులు తక్కువ. పొద్దస్తమానం అదే పని చేసినా సాయంత్రానికి కూలబడిపోరు. పని చేతులది కాదు గనక.

ఈ మాటలు ఇక్కడెందుకంటే, మన కాలేజీ మైదానంలో ఏటా ఆటల పోటీల వేళ నేను చూసేది దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. చర్ల, దుమ్ముగూడెం, ములకలపల్లి వైపు నుంచి వచ్చిన కుర్రాళ్ళు ఇంటి దగ్గర గొడ్డలి పట్టుకుంటే నడుముతో కొడతారు. ఇక్కడ క్రికెట్ బ్యాట్ పట్టుకోగానే కొయ్యబొమ్మల్లా నిలబడి చేతులు మాత్రం ఆడిస్తారు. చిన్నప్పుడు చిర్రగోనె ఆడినప్పుడు ఒంటికి వచ్చిన విద్య తెల్లబట్టలు తొడుక్కోగానే ఎక్కడికి పోతుందో అర్థం కాదు. పైగా, మేము సన్నగా ఉన్నాం సార్, మాకు సిక్సర్లు ఎక్కడ పడతాయి అని దిగాలు పడతారు. వాళ్ళకు చెప్పవలసిన జీవితం ఒకటుంది. ఆయన మన తెలుగువాడే. మన దేశపు మొట్టమొదటి టెస్ట్ కెప్టెన్. అయినా మన కుర్రాళ్ళలో సగం మందికి ఆయన పేరు ఒక ట్రోఫీ పేరుగా తప్ప తెలియదు.

జీవితంలోకి వెళ్ళేముందు నడుము సంగతి ఇంకొక్క మాట. దీన్ని శాస్త్రంగా పట్టుకుని కూర్చున్నవాళ్ళు గోల్ఫ్ ఆటగాళ్ళు. మన దేశానికి గోల్ఫ్ చాలా ముందే వచ్చింది. కలకత్తాలో 1829లోనే క్లబ్బు పెట్టారు. బ్రిటిష్ దీవుల బయట అంత పాత గోల్ఫ్ క్లబ్బు ఇంకొకటి లేదు. ఆ ఆటలో బంతి కదలదు, నేల మీద ఊరికే పడి ఉంటుంది. కాబట్టి తప్పంతా మనిషిదే. కర్ర వెనక్కి ఎత్తేటప్పుడు భుజాలు సుమారు 90 డిగ్రీలు తిరిగితే తుంటి అందులో సగమే తిరుగుతుంది. ఆ తేడావల్ల నడుముకూ రొమ్ముకూ మధ్య కండరాలు తాడు మెలిపెట్టినట్టు బిగుస్తాయి. దిగేటప్పుడు తుంటి ముందు తిరుగుతుంది, తిరిగి, ఆగుతుంది. ఆగినప్పుడు దాని వేగం మొండేనికి పోతుంది. మొండెం నెమ్మదిస్తే చేతులకు, చేతులు నెమ్మదిస్తే కర్రకు. కొరడా పిడి దగ్గర నెమ్మదిగా కదిలి కొసన చెళ్ళుమన్నట్టే ఇదీను. ఇదంతా నిలబడేది ముందుకాలు మీద. అది నేలను గట్టిగా తన్నిపట్టకపోతే తిరగడానికి ఇరుసే ఉండదు.

అమెరికా ఆటగాడు బెన్ హోగన్ 1957లో అచ్చువేసిన పాఠాల పుస్తకంలో కర్ర దించడం తుంటి తిప్పడంతోనే మొదలు కావాలని చెప్పాడు. ఆ మాట చెప్పే అర్హత ఆయనకు మామూలుగా వచ్చింది కాదు. 1949 ఫిబ్రవరిలో పొగమంచులో ఆయన కారును బస్సు గుద్దింది. పక్కనున్న భార్యను కాపాడబోయి ఆమె మీదకు వాలాడు. కటి ఎముక రెండుచోట్ల విరిగింది, మెడ కింది ఎముకా చీలమండా విరిగాయి. మళ్ళీ నడుస్తాడా అని అనుమానించారు. 1950 జూన్‌లో, కాళ్ళకు పట్టీలు చుట్టుకుని, అమెరికా ఓపెన్ గెలిచాడు. విరిగిన చోటు నుంచే బలం తెచ్చుకోవలసి వచ్చిన మనిషి అది. సరే, హోగన్ కథ వేరే. మన కథకు వద్దాం.

కొఠారి కనకయ్య నాయుడు 1895 అక్టోబర్ 31న నాగపూర్‌లో పుట్టాడు. పూర్వికుల ఊరు మచిలీపట్నం అంటారు. తరాల కిందటే మధ్యపరగణాలకు వలసపోయి, వకీళ్ళుగా, భూములు గలవారుగా అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబం. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడు కేంబ్రిడ్జిలో చదివి వచ్చినవాడు. కొడుకుకు ఆట మీద మనసు పోతే బెత్తం తీసే తండ్రి కాకపోవడం ఆ రోజుల్లో గొప్ప అదృష్టమే. నాగపూర్‌లో హిస్లాప్ బడిలో చదువు, బడి జట్టులో ఆట. అంతకు మించి ఆయన బాల్యం గురించి చెప్పుకునే కథలు అందరు గొప్పవాళ్ళ బాల్యం లాంటివే, వాటిని వదిలేద్దాం.

అసలు కథ 1916లో బొంబాయిలో మొదలవుతుంది. అప్పుడు అక్కడ జరిగే పెద్ద పోటీ మతాలవారీగా జరిగేది. యూరోపియన్లు ఒక జట్టు, పార్శీలు ఒక జట్టు, హిందువులు ఒకటి, ముస్లిములు ఒకటి. ఈనాడు వింటే మనకు చిత్రంగానే ఉంటుంది, మంచిది కూడా కాదు. కానీ దొరలను వాళ్ళ ఆటలోనే బహిరంగంగా ఎదుర్కొనే చోటు అది. ఇరవై ఏళ్ళ నాయుడు హిందువుల జట్టులో తొమ్మిదో ఆటగాడిగా బ్యాట్ పట్టుకుని దిగాడు. 79 పరుగులకు 7 వికెట్లు పడిపోయి ఉన్నాయి. మొదటి మూడు బంతులు మర్యాదగా ఆపాడు. నాలుగో బంతిని సిక్సర్ కొట్టాడు. పెద్ద ఆటల్లో ఆయన తీసిన మొదటి పరుగులు ఆ ఆరు.

చూసినవాళ్ళు రాసిన దాన్నిబట్టి ఆయన ఆరడుగులు దాటిన పొడగరి. సన్నన. తాటిచెట్టులా నిటారుగా నిలబడేవాడు. పొడుగు చేతులు, పిడి పైభాగాన పట్టు, బ్యాట్ వెనక్కి ఎత్తితే చాలా ఎత్తుకు పోయేది. బలమైన మణికట్లు. లావు, కండ అనే మాటలు ఎవరూ వాడలేదు. ఆ బ్యాట్లు కూడా ఈనాటి వాటిలా మందపు అంచులున్నవి కావు. పలచని బ్యాట్. అలాంటి మనిషి, అలాంటి బ్యాట్‌తో, బంతిని మైదానం దాటించి, కొన్నిసార్లు ఇళ్ళ కప్పులు కూడా దాటించాడంటే ఆ బలం ఎక్కడినుంచి వచ్చి ఉంటుందో బెస్తవాణ్ణి అడగాలి. ఎత్తుగా పోయిన బ్యాట్ కిందికి దిగడానికి దూరం ఎక్కువ, వేగం అందుకోవడానికి సమయం ఎక్కువ. పక్కగా నిలబడి ఆడే మనిషికి భుజాలు ముందే తిరిగి ఉంటాయి. ముందుకాలు బంతి పడే చోటుకు చేరి నాటుకోగానే తుంటి తెరుచుకుంటుంది, మిగిలినదంతా దాని వెంట వస్తుంది. పొడుగు చేతుల కొసన ఉన్న బ్యాట్‌కు, తిరిగే చక్రం అంచుకు ఉన్నట్టే, వేగం మరింత. గోల్ఫ్‌కూ దీనికీ తేడా ఒక్కటే, పెద్దది. ఇక్కడ బంతి నీ కోసం ఆగదు. అది వచ్చే క్షణానికి నీ నడుము తిరగడం సరిపోవాలి. అర క్షణం ముందు తిరిగితే బంతి గాలిలోకి లేచి ఎవరో ఒకరి చేతిలో పడుతుంది.

1923లో ఇందూరు హోల్కర్ మహారాజు ఆయన్ను పిలిపించి తన సైన్యంలో కెప్టెన్ ఉద్యోగం ఇచ్చాడు. తర్వాత కర్నల్ అయ్యాడు. ఆ పదవి పేరుకు ఇచ్చిందే అయినా ఆయన దాన్ని నిజమనే నమ్మాడేమో అనిపిస్తుంది. మైదానంలో ఆయన క్రమశిక్షణ కంటోన్మెంటు క్రమశిక్షణే. ఇందూరులో హాకీ, క్రికెట్ ఆడుకుంటున్న ఒక కుర్రాణ్ణి చూసి, ఇతనిలో సరుకుంది అని చేరదీశాడు. ఆ కుర్రాడు ముస్తాక్ అలీ. ఇంగ్లండు గడ్డ మీద భారత జట్టు తరఫున టెస్ట్ సెంచరీ చేసిన మొదటివాడు.

ఇక 1926. ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వంలో ఎం.సి.సి. జట్టు మన దేశం వచ్చింది. ఊరూరా తిరుగుతూ ఆడుతోంది. ఓటమి లేదు. డిసెంబర్ 1న బొంబాయి జింఖానా మైదానంలో హిందువుల జట్టుతో ఆట. ముందురోజు వాళ్ళలో గై ఎర్ల్ అనే భారీ మనిషి 130 పరుగులు చేశాడు, 8 సిక్సర్లు. చూసినవాళ్ళందరూ ఇక ఇంతకన్నా ఏముంటుంది అనుకుని ఇళ్ళకు పోయారు. తెల్లారి నాయుడు దిగాడు.

ఆ రెండు గంటలు ఎలా గడిచాయో చెప్పేవాళ్ళు తరవాత చాలా ఏళ్ళ వరకు బొంబాయిలో దొరికేవారు. మొదట జనం పలచగానే ఉన్నారు. నాయుడు కొడుతున్నాడన్న కబురు ఫోర్టు ప్రాంతపు ఆఫీసుల్లోకి పాకింది. గుమాస్తాలు కలాలు పక్కన పెట్టి వచ్చారు. చెట్లెక్కారు, కప్పులెక్కారు. 116 నిమిషాలలో 153 పరుగులు. 13 బౌండరీలు, 11 సిక్సర్లు. ఒక బంతి జింఖానా భవనం కప్పు మీద పడింది. ఒకే ఇన్నింగ్సులో 11 సిక్సర్లంటే అప్పటికి ప్రపంచ రికార్డు. 1963లో న్యూజిలాండు ఆటగాడు జాన్ రీడ్ 15 కొట్టేవరకు దాన్ని దాటినవారు లేరు. 36 ఏళ్ళు. ఎం.సి.సి. వాళ్ళే ముచ్చటపడి ఆయనకు వెండి బ్యాట్ బహూకరించారు.

ఎర్ల్ భారీ మనిషి, నాయుడు సన్నని మనిషి. ఎవరి సిక్సర్లు ఎక్కువో అంకెలే చెబుతున్నాయి. మన కుర్రాళ్ళు గమనించవలసింది ఇక్కడ. కానీ ఆ రోజు పందెం మీద ఉన్నది ఇంతకంటే పెద్దది. భారతీయులకు సొంతంగా ఒక జట్టుగా నిలబడే సత్తా ఉందా అన్నది అప్పటికి తేలని ప్రశ్న. ఇంగ్లండుతో టెస్ట్ ఆడే హోదా మనకు లేదు, దేశమంతటికీ ఒక బోర్డు లేదు. ఆ పర్యటన పొడుగునా మన ఆట చూసిన గిల్లిగన్, మీరు ఒక బోర్డు పెట్టుకోండి, నేను అక్కడ మాట సాయం చేస్తాను అని పెద్దలను ప్రోత్సహించాడు. 1928 డిసెంబర్‌లో బోర్డు ఏర్పడింది. ఒక్క ఇన్నింగ్సువల్లే ఇదంతా జరిగిందనడం అతిశయోక్తి. ఆ ఇన్నింగ్సు లేకపోతే ఇంత త్వరగా జరిగేదా అనడం మాత్రం అతిశయోక్తి కాదు.

1932లో మన జట్టు ఇంగ్లండు వెళ్ళింది. కెప్టెన్ ఎవరు? ఆటగాడు కెప్టెన్ కావడం అప్పటి లెక్క ప్రకారం వింత. రాజావారు ఉండాలి. పోరుబందరు మహారాజా కెప్టెన్, లింబ్డీ రాజకుమారుడు ఉపనాయకుడు. పోరుబందరు వారు ఆ పర్యటన మొత్తం మీద పెద్ద ఆటల్లో చేసిన పరుగులు 2. నవ్వకండి. ఆయన తన ఆట ఎంతో తనకు తెలుసుకుని, లార్డ్స్ మైదానంలో జరగబోయే మొదటి టెస్ట్‌కు తప్పుకుని, ఉపనాయకుడు కూడా గాయంతో ఆగిపోగా, నాయుడికి నాయకత్వం అప్పగించారు. అంత పని చేసిన రాజులు తర్వాత ఎక్కువమంది రాలేదు.

ఆట ముందు జట్టులోనే అలజడి రేగింది. రాజు కాని ఈ కఠినుడి కింద ఆడమని కొందరు తిరగబడ్డారనీ, పటియాలా మహారాజు నుంచి తంతి వచ్చాక గాని సద్దుమణగలేదనీ చెబుతారు. నమ్మదగిన మాటే. నాయుడు జట్టు వాళ్ళను బుజ్జగించే రకం కాదు. అలసటంటే వినడు, దెబ్బ తగిలిందంటే చూడడు. తనకు తగిలినా అంతే గనక ఎదుటివాడికి అడగడానికి నోరుండదు. అలాంటివాణ్ణి గౌరవిస్తారు గాని ప్రేమించడం కొంచెం కష్టం.

1932 జూన్ 25. నిస్సార్, అమర్‌సింగ్ బంతులకు ఇంగ్లండు 19 పరుగులకే 3 వికెట్లు పోగొట్టుకుంది. లార్డ్స్‌లో కూర్చున్న దొరలు నమ్మలేకపోయారు. తర్వాత వాళ్ళు కోలుకుని 259 చేశారు. ఫీల్డింగులో నాయుడు చేతికి దెబ్బ తగిలింది. ఆ చేతితోనే దిగి 40 చేశాడు. మన 189లో అదే పెద్ద స్కోరు. 158 పరుగుల తేడాతో ఓడిపోయాం. ఓడినా తలదించుకునే ఓటమి కాదు.

ఆ పర్యటనలో ఆయన పెద్ద ఆటలన్నీ కలిపి 1,618 పరుగులు చేశాడు, 65 వికెట్లు తీశాడు, 32 సిక్సర్లు కొట్టాడు. ఎడ్జ్‌బాస్టన్‌లో వార్విక్‌షైర్ మీద 162 చేసిన రోజు ఒక సిక్సర్ మైదానం పక్కనున్న రీ నది దాటి పడింది. ఆ వాగు అప్పట్లో రెండు కౌంటీలకు సరిహద్దు. అంటే కొట్టింది వార్విక్‌షైర్‌లో, పడింది వూస్టర్‌షైర్‌లో. మన లెక్కన కిన్నెరసాని ఈ గట్టున కొడితే ఆ గట్టు మండలంలో పడినట్టు. 1933లో విజ్డెన్ సంచిక ఆయన్ను ఆ ఏటి అయిదుగురు మేటి ఆటగాళ్ళలో చేర్చింది. 1933-34లో జార్డిన్ జట్టు ఇక్కడికి వచ్చి మన గడ్డ మీద మొదటి టెస్టులు ఆడినప్పుడు కూడా ఆయనే కెప్టెన్.

1936 పర్యటన గురించి తెలుగువాళ్ళం కొంచెం సిగ్గుపడాలి. అప్పుడు కెప్టెన్ విజయనగరం మహారాజకుమార్, విజ్జీ అని లోకం పిలిచిన మనిషి. ఆయనా తెలుగు గడ్డ సంతానమే. కెప్టెన్‌గిరీ ఆటతో సంపాదించింది కాదు. అప్పటికి 40 దాటిన నాయుడు మామూలు ఆటగాడిగా వెళ్ళాడు. జట్టు రెండు ముక్కలైంది. లాలా అమర్‌నాథ్‌ను పర్యటన మధ్యలో ఇంటికి పంపేశారు. నాయుణ్ణి ఫలహారాల బల్ల దగ్గర అందరిముందు తూలనాడినందుకు ఒకతనికి బహుమానంగా టెస్టులో చోటు దొరికిందన్న కథ ఒకటి ఇప్పటికీ చెప్పుకుంటారు. నాయుడు దానికి ఏ జవాబూ ఇచ్చినట్టు కనబడదు. ఓవల్‌లో ఆఖరు టెస్ట్. గబ్బీ ఎలెన్ వేసిన బంతి ఒంటికి గట్టిగా తగిలింది. బ్యాట్ వదలలేదు, 81 చేశాడు. ఆయన టెస్టుల్లో చేసిన పెద్ద స్కోరు అదే, ఆడిన ఆఖరి టెస్టూ అదే. మొత్తం 7 టెస్టులు, 350 పరుగులు. ఈ అంకెలు చూసి ఆయన్ను కొలిచేవాళ్ళకు ఒక్కటే చెప్పాలి. మనకు టెస్ట్ హోదా వచ్చేసరికి ఆయనకు 36 ఏళ్ళు నిండాయి.

మామూలు మనిషి కథ ఇక్కడ అయిపోతుంది. ఈయనది ఇక్కడ సగమే అయింది. హోల్కర్ జట్టుకు నాయకుడై రంజీ ట్రోఫీని నాలుగుసార్లు గెలిపించాడు: 1945-46, 1947-48, 1950-51, 1952-53. ముస్తాక్ అలీ, సర్వతే, తన తమ్ముడు సి.ఎస్. నాయుడు, ఇలా ఆ జట్టు ఒక సంస్థానానికి మించిన జట్టు. యుద్ధకాలంలో మన దేశంలో ఉన్న డెనిస్ కాంప్టన్ కూడా 1944-45లో దానికి ఆడాడు. 1945-46 ఫైనల్లో బరోడా మీద నాయుడు సరిగ్గా 200 చేశాడు. జీవితంలో పెద్ద ఆటల్లో అదే అత్యధికం. అప్పటికి ఆయన వయసు 50 నిండింది.

1951-52లో బొంబాయి మీద ఆడుతుండగా దత్తు ఫడ్కర్ వేసిన బంతి లేచి నోటికి తగిలింది. పళ్ళు విరిగాయి. అందరూ పరుగెత్తుకొచ్చారు. ఆయన విరిగిన పళ్ళను వికెట్ మీదనుంచి పక్కకు తోసి, వెనక్కి తగ్గకుండా అంతే వేగంగా వెయ్యమని ఫడ్కర్‌కు చెప్పి మళ్ళీ నిలబడ్డాడు. 56 ఏళ్ళ వయసులో. ఇది ధైర్యం అని అందరూ రాస్తారు. నాకు కొంచెం మొండితనం కూడా కనిపిస్తుంది. మా విద్యార్థులెవరైనా ఇలా చేస్తే నేను మాత్రం రిక్షా ఎక్కించి ఆసుపత్రికి పంపిస్తాను.

1953 అక్టోబర్‌లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ 1953-54 సీజన్లోనే ఆంధ్ర జట్టు రంజీ ట్రోఫీలో మొదటిసారి దిగింది. కొత్త జట్టు, అనుభవం లేని కుర్రాళ్ళు. వాళ్ళకు నాయకుడిగా వచ్చినవాడు కర్నల్ నాయుడు, 58వ ఏట. తాతల కాలంలో మచిలీపట్నం వదిలిపోయిన కుటుంబం మనిషి, నాగపూర్‌లో పుట్టి ఇందూరులో స్థిరపడినవాడు, మళ్ళీ తెలుగు జట్టు టోపీ పెట్టుకోవడం. ఆయన కావాలంటే ఏ పెద్ద జట్టులోనైనా గౌరవంగా కూర్చోవచ్చు. ఈ కొత్త జట్టుతో వచ్చేవి ఎక్కువగా ఓటములే. అయినా వచ్చాడు. ఆయన జీవితం రాసేవాళ్ళు ఈ ఏడాదిని రెండు వాక్యాల్లో దాటేస్తారు. నాకు మాత్రం 11 సిక్సర్ల రోజు తర్వాత ఇదే గుర్తుంటుంది. ఆ కుర్రాళ్ళు బాల్యంలో ఆ 153 గురించి కథగా విన్నవాళ్ళు. ఆ కథలోని మనిషి వచ్చి వాళ్ళ పక్కన మిడాన్‌లో నిలబడి, బంతి వదిలితే ఉరిమి చూస్తున్నాడు.

1956లో పద్మభూషణ్ వచ్చింది. క్రికెట్ ఆటగాళ్ళలో ఆయనకే మొదట. బిరుదు వచ్చాక పెద్దమనుషులు సభల్లో కూర్చుంటారు. ఈయన 1956-57లో ఉత్తరప్రదేశ్ జట్టుకు కెప్టెన్‌గా ఆడాడు. ఆ రాష్ట్రపు క్రికెట్‌కు అప్పుడు పెద్దదిక్కు ఎవరో తెలుసా? విజ్జీయే. ఇరవై ఏళ్ళ పాత పగ ఎక్కడ పోయిందో మరి. రాజస్థాన్ మీద 84 చేశాడు, వినూ మన్కడ్‌ను సిక్సర్లు కొట్టాడు. 60 దాటిన మనిషి, తనకంటే 20 ఏళ్ళకు పైగా చిన్నవాడైన, ప్రపంచంలో మేటి ఎడమచేతి బౌలర్లలో ఒకడైన మన్కడ్‌ను!

ఇది ఎలా సాధ్యం? వయసు పైబడేకొద్దీ ముందు పోయేది చేతుల జోరు. చేతులతో కొట్టేవాడు 35 ఏళ్ళకు ఆగిపోతాడు. నేలను తన్నిపట్టి, నడుము తిప్పి, బ్యాట్ బరువును దాని దారిన పోనిచ్చేవాడికి కావలసింది వేళ తప్పని తిరుగుడు, చెదరని ఇరుసు. అది సాధనతో నిలుస్తుంది. నాయుడు వ్యాయామం మానలేదు, తిండిలో హద్దు దాటలేదు, ఒళ్ళు పెరగనివ్వలేదు. భద్రాచలం రేవులో డెబ్బయి ఏళ్ళ బెస్త తాత పాతికేళ్ళ మనవడికన్నా వెడల్పుగా వల విసరడం నేను కళ్ళారా చూశాను. తాత చేతులు వణుకుతాయి, చాయ్ గ్లాసు సరిగా పట్టలేడు. వల పట్టుకుంటే వణకదు.

పోయినేడు సాయంత్రాలు కొందరు కుర్రాళ్ళతో ఒక పని చేయించాను. బ్యాట్ తీసేసుకుని, ఇసుక సంచి ఇచ్చి, పక్కగా నిలబడి నడుముతో విసరమన్నాను. చేతులతో విసిరితే సంచి నాలుగు గజాలు. నడుముతో విసిరితే పది. సంచి అబద్ధం చెప్పదు. అందులో ఇప్పపూల వాసన వచ్చే ఊరి నుంచి వచ్చిన ఒక సన్నని పిల్లవాడు మూడో రోజే విషయం పట్టేశాడు. గొడ్డలి లాగే కదా సార్ అన్నాడు. ఔను నాయనా, గొడ్డలి లాగే. కాకపోతే గొడ్డలికి మొద్దు కదలదు, అది గోల్ఫ్. బంతి వస్తుంది, ఇది క్రికెట్. ఇప్పుడు అతను కొట్టిన బంతులు వెతకడానికి మిగిలినవాళ్ళు తుమ్మచెట్లలో తిరుగుతున్నారు.

నాయుడు పెద్ద ఆటలన్నీ కలిపి 207 ఆడాడు, 11,825 పరుగులు, 26 సెంచరీలు, 411 వికెట్లు. మొదటి ఆట 1916లో. ఆఖరిది 1963లో, నాగపూర్‌లో, ఒక సహాయనిధి కోసం మహారాష్ట్ర గవర్నరు జట్టుకూ ముఖ్యమంత్రి జట్టుకూ జరిగింది. పుట్టిన ఊళ్ళోనే, 68 ఏళ్ళ వయసులో తెల్లబట్టలు తొడుక్కుని మైదానంలోకి నడిచాడు. 47 ఏళ్ళ మధ్య ఎడం. ఆ తర్వాత బ్యాట్ పక్కన పెట్టాడు. 1967 నవంబర్ 14న ఇందూరులో కన్నుమూశాడు.

ఆయన కూతురు చంద్ర నాయుడు ఇంగ్లీషు లెక్చరరుగా పనిచేస్తూ క్రికెట్ వ్యాఖ్యానం చెప్పింది. మన దేశంలో ఆ పని చేసిన మొదటి మహిళల్లో ఆమె పేరు వస్తుంది. తండ్రి మీద ఒక పుస్తకం కూడా రాసింది. 1973-74 నుంచి బోర్డు ఆయన పేర యువకుల పోటీ నడుపుతోంది. హైదరాబాదు కుర్రాళ్ళు, ఆంధ్ర కుర్రాళ్ళు అందులో ఏటా ఆడుతున్నారు. మన అడవి అంచు నుంచి అక్కడికి దారి దూరమే. బస్సు మాత్రం కొత్తగూడెం మీదుగా పోతుంది.